ఊడి వచ్చే కడియాలు

మీట తిప్పగానే దుర్భిణి తుపాకీ మీంచి ఊడి యెర్నేయా చేతిలోకి వచ్చేసింది.

“అయ్యో, విరగ్గొట్టేశాను!” అని ఆవిడ కెవ్వుమంది.

తుపాకుల కొట్టు గష్పేర్ నవ్వాడు.

“విరగలేదమ్మగారూ. ఆ కడియాల పద్ధతే అంత. మీట తిప్పితే వస్తుంది, మళ్ళీ పెడితే కూర్చుంటుంది.”

“ఊడిపోయేదాన్ని ఏరికోరి కొనుక్కోవాలా?”

“అమ్మా, మెల్లగా,” అంది కూతురు ఉర్షా, సిగ్గుపడిపోతూ.

ఉర్షా వేట పరీక్ష నెగ్గి నెల కాలేదు. కోచెవ్యే అడవి వేటగాళ్ళ సంఘం వాళ్ళు శనివారం మొదటి వేటకు రమ్మన్నారు. ఒకరు వాడిన తుపాకీ ఈ కొట్టులోనే దొరికింది. దుర్భిణీ కొన్నారు. ఆ రెంటినీ కలిపి పట్టుకునే కడియాలే మిగిలాయి.

యెర్నేయాకి వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే చాలు, పిల్ల కొండ మీంచి జారినట్టు, తుపాకీ చేతిలోనే పేలినట్టు. ఇప్పుడు వాటికి తోడు ఇదొకటి, దుర్భిణి ఊడి పిల్ల కంట్లో గుచ్చుకున్నట్టు.

“స్క్రూలతో బిగించేవి లేవా? భూకంపం వచ్చినా కదలనివి?”

“ఎందుకు లేవు? ఇవిగో.”

“అవి వద్దు.”

ఆ మాట చలికాచుకునే పొయ్యి పక్కనుంచి వచ్చింది. అక్కడ ముక్కాలిపీట మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఇందాకటి నుంచీ వీళ్ళనే చూస్తున్నాడు.

లేచి వచ్చి ఉర్షా చేతిలోంచి తుపాకీ తీసుకున్నాడు. ఖాళీదో కాదో చూసుకున్నాడు. దాని వీపు మీది పాత స్క్రూ రంధ్రాలను బొటనవేలితో తడిమాడు.

“ఊడి వచ్చేవే పెట్టించుకో తల్లీ. దెబ్బతిన్న అడవిపంది పొదలో దూరితే వెతుక్కుంటూ వెళ్ళాలి కదా? అది కాళ్ళ దగ్గర్నుంచే లేస్తుంది. అంత దగ్గర దుర్భిణిలో ఏం కనబడుతుంది? నల్లటి బొచ్చు. దుర్భిణిని తీసి జేబులో పడేసి, గొట్టం కొసనున్న గురిపూస చూసుకుని కాల్చాలి.”

యెర్నేయా చెవిన పడింది పంది, పొద, అంతే.

“శుభమా అని పిల్ల మొదటిసారి వెళ్తుంటే ఏం మాటలండీ అవి? నోటికి అడ్డూ ఆపూ లేదా?”

“జరుగుతుందని కాదమ్మా...”

“ఎవరయ్యా ఈయన?” అని గష్పేర్‌ని నిలదీసింది.

గష్పేర్ పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన వద్దన్నట్టు తలాడించాడు.

“రోజూ వస్తుంటారు,” అన్నాడు గష్పేర్ తల దించుకుని.

యెర్నేయాకి ఏమీ పాలుపోలేదు. తాగి ఉన్నాడా? వాసన లేదు. సరుకు అమ్మిపెట్టే మనిషా? మరి కొట్టువాడు తల దించుకున్నాడెందుకు? ముక్కూ మొహం తెలియని పిల్ల తుపాకీని నిద్రపోయే బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడెందుకు?

“అమ్మా, మా పరీక్షలో కూడా ఇలాగే...”

“నువ్వూరుకో!”

పెద్దాయన ఆవిడ వైపు తిరిగాడు. “దుర్భిణి ఊడిపోతుందని మీ భయం. ఊడి రాదని నా భయం.”

“మీ భయం మీ ఇంట్లో పెట్టుకోండి! నా పిల్ల సంగతి నేను చూసుకోగలను.”

ఆయన తుపాకీని ఉర్షా చేతిలో పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గష్పేర్ స్క్రూలు బిగించాడు. యెర్నేయా దుర్భిణిని పట్టుకుని ఊపి చూసింది. ఇసుమంతైనా కదల్లేదు. శనివారం దాకా ఆవిడ హాయిగా నిద్రపోయింది.

శనివారం ఉర్షా కాల్చిన గుండు పందికి సరిగ్గా తగల్లేదు. అది నెత్తురోడుతూ పొదలో దూరింది. వాసన పట్టే కుక్క వచ్చేదాకా ఆగాలి. కానీ దెబ్బతీసిన జంతువును వదిలేసి నిలబడితే సంఘంలో తలవంపులు. ఆడపిల్ల బెదిరిపోయిందని నవ్వుతారని ఉర్షా తనే పొదలోకి వెళ్ళింది.

“దుర్భిణి నిండా నల్లటి బొచ్చే అమ్మా, ఇంకేం కనబడలేదు,” అంది ఆసుపత్రి మంచం మీద. కుక్కలు సమయానికి వచ్చి ప్రాణం దక్కింది. పంది చీల్చిన కాలు మాత్రం మునుపటిలా అవదన్నారు డాక్టర్లు.

మర్నాడు కాక ఆ మర్నాడు యెర్నేయా అక్రోట్లు పెట్టి చుట్టిన రొట్టె ఒకటి పట్టుకుని కొట్టుకు వచ్చింది. పొయ్యి పక్క పీట ఖాళీగా ఉంది.

“ఆయనేరీ?” అంది. “ఎక్కడుంటారో చెప్పు. ఆయన కాళ్ళ మీద పడాలి.”

“ఇక రారమ్మగారూ.” గష్పేర్ చేతిలో పని పక్కన పెట్టాడు. “ఆ తుపాకీ తెచ్చి ఇచ్చింది ఆయనే. ఇంట్లో ఉంచుకోలేక, పారేయలేక. ఎవరు కొంటారో చూడాలని రోజూ వచ్చి కూర్చునేవారు. మీరు కొన్నారు, ఆయన రావడం మానేశారు.”

“నాకు ముందే చెప్పకపోయావా?”

“చెప్పనని మాటిచ్చాను. ఆ సంగతి ఎత్తితే ఆయన తట్టుకోలేరు.”

“ఏ సంగతి? అసలెవరాయన?”

గష్పేర్ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

“పోయిన చలికాలం ఆ తుపాకీతోనే పొదలోకి వెళ్ళి తిరిగి రాని పిల్లకి తండ్రి.”