సముద్రం అవతలి పూసలు

ట్రే బల్ల అంచున ఉంది, పడిపోతుందేమోనన్న భయంతో అమ్మ దాన్ని రెండు వేళ్ళతో లోపలికి నెట్టింది. అంతే. చివరి గుంటలో ఉన్న ఎర్ర పూస ఎగిరి, బల్ల మీద దొర్లి, పక్కనున్న సింకులోకి దూకి, జాలీ సందులోంచి మాయమైపోయింది.

అమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురికి క్యారేజీ ఇద్దామని మ్యూజియం ల్యాబుకు వచ్చింది. కూతురు ఫోనొచ్చి వరండాలోకి వెళ్తూ మరీ మరీ చెప్పింది. "అమ్మా, దేన్నీ ముట్టుకోకు. ఇనుమంటే ఏంటో తెలియని కాలం నాటి దండ అది. సమాధిలో దొరికింది. దీని రిపోర్టు నిలబడితేనే నా ఉద్యోగం పర్మనెంటు."

తలపిన్ను తీసి జాలీలో కెలికింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్ళ ముందు కూతురి ఉద్యోగం ఊడింది, పోలీసులొచ్చారు, పేపర్లో ఫోటో పడింది. అదీ ఐడీ కార్డు మీదున్న ఆ దిక్కుమాలిన ఫోటో.

"స్పూను మర్చిపోయా, ఇప్పుడే వస్తా!" అని వరండాలో కూతురికి చెప్పి, ఒక్క పరుగున రోడ్డెక్కింది.

మలుపులో పూసల కొట్టుంది. "ఎర్రరాయి పూస కావాలి. ఒక్కటి చాలు. కొత్తగా మాత్రం ఉండకూడదు," అంది రొప్పుతూ. కొట్టాయన ఎందుకని అడగలేదు. సరిగ్గా అలాంటిదే తీసి చేతిలో పెట్టాడు.

కూతురింకా ఫోన్లోనే ఉంది. అమ్మ పూసను చివరి గుంటలో కూర్చోబెట్టి కుర్చీలో కూలబడింది. అప్పటికి గానీ ఊపిరి ఆడలేదు.

ఆడిన ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. కూతురు ఫోను ముగించి లోపలికి వచ్చింది. వెనకాలే రిటైర్మెంటు దగ్గరపడ్డ క్యూరేటర్ గారు.

"చూస్తూ ఉండమ్మా," అంది కూతురు ట్రేని మిషను దగ్గరకు జరుపుతూ. "ఒక్కో పూస మీద లేజరుతో వెంట్రుకంత మేర గీరతాం. ఆ పొడిలో ఏ లోహం ఎంతుందో ఇది చెప్తుంది. గని గనికీ ఆ పాళ్ళు వేరు. ఏ పూస ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది."

అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఎక్కడ కొన్నదో కూడా చెప్తుందా?"

కూతురు పకపకా నవ్వింది. క్యూరేటర్ గారికి పొలమారింది.

"మిషన్లను నమ్మకే తల్లీ," అంది అమ్మ. "మన మిక్సీ చూడు, పచ్చడి చేయమంటే గోడలకు సున్నం వేస్తుంది."

"నేనూ అదే మొత్తుకుంటున్నాను," అన్నారు క్యూరేటర్ గారు. "అంత పాత వస్తువుల్ని కదిలించకూడదు. ఇన్నాళ్ళూ చల్లగా అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటి మానాన వాటిని వదిలేస్తే ఏం పోయింది?"

"అవును బాబూ, వదిలేయమనండి!"

కూతురు ఇద్దరి మాటా వినిపించుకోలేదు. మిషను టిక్కు టిక్కుమంటూ ఒక్కో పూసనూ గీరుతూ పోయింది. ప్రతి టిక్కుకూ అమ్మ ట్రే వైపు తొంగిచూసింది. కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. కూతురి క్యారేజీ చల్లారిపోయింది.

ఉన్నట్టుండి కూతురు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"సార్! ఇవన్నీ సముద్రం అవతలి గనివి! అంటే ఆ కాలంలోనే మనవాళ్ళు పడవలేసుకుని వెళ్ళి రాళ్ళు తెచ్చుకున్నారు! ఇంతవరకూ ఎవరూ కనిపెట్టనే లేదు!" మళ్ళీ తెర మీదకు వంగింది. "ఒక్కటి తప్ప. ఒకే ఒక్క పూస మాత్రం ఇక్కడి వాగు రాయి. ఇదెలా కలిసిందబ్బా?"

ఎలా కలిసిందో అమ్మకు తెలుసు. నోరు మూసుకుంటే తను బతికిపోతుంది. కానీ కూతురు రేపు నలుగురిలో నిలబడి మలుపులో కొట్టు పూస గురించి ఉపన్యాసం ఇస్తుంది, పట్టుబడుతుంది, పరువు పోతుంది. అమ్మ భోరుమంది.

"అది నాదే తల్లీ! ఒకటి సింకులో పడిపోయింది. నీ ఉద్యోగం ఎక్కడ పోతుందోనని మలుపులో కొట్టులో కొని పెట్టాను. ఆ ఒక్కటీ తీసి పారెయ్, మిగతావన్నీ అసలువే!"

కూతురి మొహం పాలిపోయింది. "ఎక్కడ పెట్టావమ్మా?"

"ఇదిగో, ఈ చివరి గుంటలో."

కూతురు తెర చూసింది, ట్రే చూసింది, మళ్ళీ తెర చూసింది. "వాగు రాయి చివరిది కాదమ్మా. మూడో గుంటలోది. నువ్వు కొన్నది సముద్రం అవతలిదే. మిగతావాటితో అచ్చుగుద్దినట్టు కలిసింది."

"అమ్మయ్య, కలిసిందా!" అని అమ్మ కళ్ళు తుడుచుకుంది. కూతురు మాత్రం నవ్వలేదు. మెల్లగా తల తిప్పి క్యూరేటర్ గారి వైపు చూసింది.

ఆయన కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడిచి, మళ్ళీ పెట్టుకుని అమ్మ వైపు తిరిగారు.

"ఆ కొట్టు పెద్దాయన కులాసాగా ఉన్నాడా, చెల్లెమ్మా? నేను పూసలకని వెళ్ళి చాలా రోజులైంది."