గుర్రం డెక్క కొరికిన పందికొక్కు

ఒట్టేసి చెప్పినా నువ్వు నమ్మవులే. నాడాల్లేని ఆడగుర్రం ఒకటుండేది. ఎప్పుడూ మెత్తటి గడ్డిలోనే తిరిగేది. అరుగుదల లేక దాని ముందుకాళ్ళ డెక్కలు పడవ ముక్కుల్లా సాగిపోయాయి. అదే అందమని మురిసిపోయేది.

ఓనాడు గట్టు మీంచి దుమ్ములగొండి దిగొస్తంటే చూసి పరిగెత్తబోయింది. డెక్క తట్టుకుని బోర్లా పడింది.

బొరియలోంచి పందికొక్కు తలెత్తింది. "నీ అందం మీద నువ్వే పడ్డావా అక్కా? లేచి నిలబడు, ఆ కొసలు కొరికేస్తా. కదిలావంటే పన్ను కండలో దిగుద్ది, ఇంక జన్మంతా కుంటుడే."

"అది వచ్చేస్తందిరా."

"రానీ. నువ్వు కదలకు."

గుర్రం వణుకు బిగబట్టి నిలబడింది. ఒక కొస ఊడింది. దుమ్ములగొండి ఊపిరి తోకకి తగిలింది. రెండోదీ ఊడింది. ఒక్క దూకు దూకి గుర్రం మాయమైంది.

దుమ్ములగొండికి ఆ డెక్కముక్కలే దక్కాయి, కోపంతో వాటినే నమిలింది. అబద్ధమంటావా? పోయి దాని నోరు తెరిచి చూడు. పళ్ళ సందున ముక్క ఇంకా ఉంది.