చీకట్లో పట్టుకున్న చెయ్యి

పదకొండు క్రిస్మస్‌లుగా దర్జీ తన తమ్ముడితో మాట్లాడలేదు. తల్లిని సమాధి చేసిన రోజు తమ్ముడు రాలేదన్న కోపం అతనికి ఇంకా చల్లారలేదు. ఒకే చర్చిలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చునేవాళ్లు.

ఆ క్రిస్మస్ అర్ధరాత్రి పూజలో ఫాదర్‌గారు, "చేతులు కలిపి ఒకరికొకరు శాంతి సమాధానాలు తెలుపుకోండి" అంటుండగా కరెంటు పోయింది. పీఠం మీది కొవ్వొత్తుల వెలుగు వెనక బెంచీల దాకా రాదు. ఎవరో దర్జీ చెయ్యి పట్టుకున్నారు. చూపుడువేలు సగమే తగిలింది. ఆ చర్చిలో రంపానికి సగం వేలు పోగొట్టుకున్న వడ్రంగి అతని తమ్ముడొక్కడే.

దర్జీ పళ్లు బిగించి చెయ్యి లాగేసుకున్నాడు.

లైట్లు వచ్చేసరికి పక్కన ఎవరూ లేరు.

పూజయ్యాక మెట్ల దగ్గర తమ్ముడి భార్య చెప్పుల్లేకుండా నిలబడి ఉంది.

"బావగారూ, ఒకసారి ఇంటికి రండి. సాయంత్రం నుంచి ఆయనకి స్పృహ లేదు."

"పూజకి రాలేదా వాడు?"

"మంచం దిగితేగా. ఇందాక ఒక్కసారి కళ్లు తెరిచి, 'అన్నయ్య చెయ్యి లాగేసుకున్నాడు' అన్నారు. మళ్లీ పలకలేదు."

దర్జీ ఆమె వెంట నడిచాడు. మలుపు దగ్గర ఇద్దరూ ఆగి ఇంటివైపు చెవి పెట్టారు. ఏ చప్పుడూ లేదు. ముందుగా అడుగు వెయ్యడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.