బురదలో బేరం

"అక్కా, ఈ జెండా నిన్న ఇక్కడ లేదు!"

"నాకేం తెలుసురా? కాళ్ళొచ్చాయేమో."

మోకాళ్ళ దాకా బురదలో నిలబడి తమ్ముడు పళ్ళు నూరాడు. అక్క గట్టు మీద కూర్చుని కోసిన తుంగను కట్టలు కడుతోంది. నాన్న ఇద్దరికీ ఉమ్మడిగా వదిలిపోయిన నేల అది. రోడ్డు వైపు గట్టి నేల, అవతల చిత్తడి. గట్టి నేలలో ఇళ్ళు కట్టి అమ్మాలని తమ్ముడి ఆశ. చిత్తడిలో మొలిచే తుంగతో చాపలల్లి అక్క బతుకుతోంది. చిత్తడిలో ఎవరూ ఏమీ కట్టకూడదని చట్టం. అయితే అది ఎక్కడ మొదలవుతుందన్నదే పేచీ.

జెండాలు పాతి హద్దు తేలుస్తామని సర్వే ఆఫీసు నుంచి ఇద్దరికీ ఉత్తరాలొచ్చాయి. ఇద్దరూ ఒప్పుకుంటే హద్దు ఖాయం, లేకపోతే విచారణ. పక్క స్థలం వాళ్ళ విచారణ ఏడేళ్ళుగా సాగుతూనే ఉంది.

పదిరోజుల కిందట అక్క ఫోన్ చేసింది. "జెండాలు పాతడం అయిందిరా, వచ్చి చూసుకో."

తమ్ముడు వచ్చి చూసి గుండె పట్టుకున్నాడు. ఎర్రజెండాల వరస దాదాపు రోడ్డెక్కింది. "ఇక్కడ నేను ఇళ్ళు కట్టాలా, పిట్టగూళ్ళు కట్టాలా?"

ఆ మధ్యాహ్నం అక్క చాపలమ్మడానికి వెళ్ళగానే వాటిని పీకి అరవై అడుగులు నీటి వైపు పాతాడు. తెల్లారేసరికి అవి నలభై అడుగులు వెనక్కొచ్చాయి. అతను మళ్ళీ ఇరవై జరిపాడు. ఈసారి పది వెనక్కొచ్చాయి.

తమ్ముడు బస్సు టికెట్టు దగ్గర కూడా బేరమాడే రకం. అక్కా తక్కువ తినలేదు. చాపకు రెట్టింపు ధర చెబుతుంది. సగానికి అడిగితే ఏడుపు మొహం పెట్టి ఇచ్చేస్తుంది.

ఇప్పుడు తమ్ముడు జెండా పీకబోయి, కాలుజారి నడుం దాకా కూరుకుపోయాడు. అక్క చేయందించి లాగింది. ఇంటికి తీసుకెళ్ళి, కాళ్ళ మీద నీళ్ళు పోసి, కాఫీ పెట్టింది. గుమ్మంలోంచి ఎండ సూటిగా అతని కళ్ళలో పడింది.

"గుమ్మానికి తెర ఏమైందక్కా?"

"బయట ఉందిలే. ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది."

గ్లాసు అందుకుంటూ అక్క వేళ్ళు చూశాడు. నిండా తుంగ కోసిన గాట్లే. అతనికి సిగ్గేసింది.

"ఇంక చాలక్కా. జెండాలు ఇప్పుడెక్కడున్నాయో అదే హద్దు. ఒక వరస ఇళ్ళు మానుకుంటాను."

"ఇంకో పదడుగులు..."

"అక్కా!"

"సరేలేరా, నీదే గెలుపు." తమ్ముడు రాసి సంతకం చేసిన ఒప్పందం కాగితం మీద అక్క ఏడుపు మొహం పెట్టి తనూ సంతకం చేసింది.

మర్నాడు సర్వేయరు వచ్చాడు. వరసగా గుంటలు తవ్వాడు, మట్టి వేళ్ళతో నలిపి చూశాడు, రోడ్డు నుంచి టేపు లాగి కొలిచాడు. చివరికి ఎర్రజెండాల పక్కనే ఆగాడు.

"అడుగు కూడా తేడా లేదే!" కాగితం చదివి ముద్ర వేశాడు. "మొదటిరోజే సంతకాలతో సహా ఒప్పందం చేతిలో పెట్టినవాళ్ళని నా ఉద్యోగంలో ఇప్పుడే చూస్తున్నాను."

"మొదటిరోజేంటండీ? మీవాళ్ళు జెండాలు పాతి పదిరోజులైందిగా!"

"మా జెండాలు పసుపువి." సర్వేయరు సంచిలోంచి కట్ట తీశాడు. "వానల వల్ల మేం ఇవాళే రాగలిగాం."

తమ్ముడు మెల్లగా అక్క వైపు తిరిగాడు. అక్క ఒక ఎర్రజెండాను పీకి, కర్రకు కట్టిన గుడ్డ విప్పి, బురద దులుపుతోంది.

"నా గుమ్మానికి కొత్త తెర కొనిపెట్టరా."