సన్న పానా

కుడిచేతికి కట్టుతో, హ్యాండిల్ వంగిన సైకిల్ నడిపించుకుంటూ సుందరమ్మ లాల్‌దర్వాజాలోని ఎల్లేష్ రిపేరు దుకాణానికి వచ్చింది.

“చాంద్రాయణగుట్ట కాడ పడ్డ అన్నా. నువ్వు మొన్ననే మంచిగ చేసిచ్చినవ్. నేనే ఖరాబ్ చేసిన.”

ఎల్లేష్ ముందు చక్రాన్ని పట్టి ఊపాడు. అది ఇరుసు మీద లొడలొడలాడింది. మొన్న చక్రం నడుమ హబ్‌కు గ్రీజు పెట్టాక, చక్రం ఊగకుండా ఆపే లోపలి కోన్ నట్టును పట్టి బిగించడానికి సన్న పానా కావాల్సి వచ్చింది. అది పెట్టె అడుగున ఉంది. వెతికే ఓపిక లేక కటింగ్ ప్లేయర్‌తో కానిచ్చేశాడు. కోన్ మీద ప్లేయర్ పళ్ల గాట్లు ఇంకా మెరుస్తున్నాయి.

ఆమెకు కనబడకుండా వాటిని బొటనవేలితో మూశాడు. తప్పు రోడ్డు గుంతల మీదికి నెట్టేద్దామని నోరు తెరిచాడు గానీ, ఆ చేతికట్టు చూసి బొటనవేలు తీసేశాడు.

“తప్పు నీది కాదక్కా,” అన్నాడు తల వంచుకొని. “సరైన పానా తియ్యలేదు నేను. బద్ధకమైంది.”

సుందరమ్మ ఆ గాట్ల వంక చూసింది.

“మా ఇంటాయన గూడ సైకిల్ మిస్త్రీనే ఉండె,” అంది. “నువ్వు ప్లేయర్‌తోని బిగించేటప్పుడే చూసిన. ఇంత పనిమంతునికి ఎట్ల చెప్పాలె అని సిగ్గై ఊకున్న అన్నా.”