పంచదార నీళ్ల గది

పంచదార నీళ్లు తాగినవాళ్లు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

కాగితం మీద ఆ అంకెలు చూసి డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది.

నిద్ర పట్టనివాళ్లను చీటీలు తీసి మూడు గదుల్లో సర్దిందామె. మొదటి గదికి తను తయారుచేసిన తియ్యటి కొత్త మందు. రెండో గదికి పాత మాత్ర. మూడో గదికి మందు పేరుతో ఉత్త పంచదార నీళ్లు. గదికీ గదికీ ఉన్న తేడా, ఒకే గదిలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా కన్నా బాగా పెద్దదైతేనే మందు పనిచేసినట్టు. అనోవా అనే ఆ లెక్క ఆమెకు కొట్టిన పిండి.

లెక్క వంకర పోకూడదని పేషెంట్ల మొహమైనా చూసేది కాదు. మంచం నంబరు, నిద్రపోయిన గంటలు, అంతే.

"వాళ్ల సంగతులేవీ నాకు చెప్పొద్దు" అని నర్సుకు గట్టిగా చెప్పింది.

మొదటి గదిలో ఒక మంచానికి మాత్రం రోజూ సున్నాయే. నిద్ర కొలిచే మెషీన్ చెడిపోయి ఉంటుందని ఆ మంచాన్ని లెక్కలోంచి కొట్టేసింది.

అయినా మూడో గది దారికి రాలేదు.

ఈ మందు మీద ఆమె పెట్టుకున్న ఆశంతా అమ్మ కోసమే. అమ్మ కంటినిండా నిద్రపోయి ఏళ్లయింది.

ఇక ఆగలేక ఆ రాత్రి మూడో గదికి వెళ్లింది.

దీపాలు తగ్గించి ఉన్నాయి. బయట సన్నగా వాన. గోధుమరంగు శాలువా కప్పుకున్న పెద్దాయన ఒకరు స్టూలు మీద కూర్చుని మెల్లగా ఏదో చెబుతున్నారు.

"పడవ అలా పోతూనే ఉంది. తెడ్డు వేసేవాళ్లు లేరు, నీళ్లే తీసుకుపోతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో దీపం పట్టుకున్నారు. మనకేం తొందర లేదు..."

మంచాల మీద కళ్లు మూతలు పడుతున్నాయి. తలుపుకు ఆనుకున్న డాక్టరమ్మ కాళ్ల కింద నేల మెల్లగా ఊగింది. ఎక్కడో నీళ్ల చప్పుడు. దీపం దగ్గరకొస్తోంది.

తల తలుపుకు కొట్టుకుని ఉలిక్కిపడింది.

"ఎవరండీ మీరు?"

"ఇక్కడే ఉంటానమ్మా."

ఈ చుట్టుపక్కలవాడే కాబోలు అనుకుంది.

"ఇకమీదట ఈ గదిలోకి రాకండి. మీ కబుర్లతో నా ప్రయోగం పాడవుతోంది."

"నిద్రపోతే పాడవుతుందా అమ్మా?"

"వీళ్లు నిద్రపోతే పాడవుతుంది!"

అనేశాక ఆ మాట తనకే ఎబ్బెట్టుగా తోచింది. ఆయన నవ్వి, శాలువా సర్దుకుని లేచారు.

"సరేనమ్మా. పడవ ఇంకా ఒడ్డు చేరలేదని వాళ్లతో చెప్పండి."

ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత మూడో గదిలో అందరూ కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ గడిపారు. మందు గెలిచింది. తోటి డాక్టర్లు చప్పట్లు కొట్టారు.

ఆమె కొత్త మందు సీసా పట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

"తియ్యగా బాగానే ఉందే తల్లీ" అంది అమ్మ. "నిద్రే రావట్లేదు."

అమ్మ పక్కన కూర్చుని, "ఒక పడవ..." అని మొదలుపెట్టింది. ఆపైన ఏం చెప్పాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

మర్నాడు నర్సును పట్టుకుంది.

"మూడో గదికి వచ్చే శాలువా ఆయన ఎక్కడుంటారు? కాళ్లావేళ్లా పడైనా మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను."

"వెళ్లిపోయారు మేడమ్. ఇక్కడా నిద్ర పట్టలేదు, ఇంకో ఊరు చూసుకుంటానన్నారు. ఏ ఊరో చెప్పలేదు."

"ఇక్కడ నిద్రేంటి? ఆయన బయటినుంచి వచ్చేవారు కదా!"

నర్సు తల దించుకుంది.

"పేషెంట్ల సంగతి చెప్పొద్దన్నారని ఊరుకున్నాను మేడమ్. తన గదిలో అందరూ మీ మందుకి తొందరగా పడుకుంటారని, కబుర్లకు మూడో గదికి వెళ్లేవారు. మొదటి గదిలో ఒక్క కునుకూ లేదని మీరు కొట్టేశారే, ఆ మంచం ఆయనదే."