ఎర్రగా చుట్టిన తేదీలు

చెనక్కాయల మిల్లువాళ్ళు పంచిన డెబ్బై తొమ్మిది క్యాలెండరులో రామసుబ్బమ్మ జూలై పదమూడు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆ రోజు భర్త హత్యకేసు వాయిదా.

రెండేళ్ళ కిందట ఆయన్ను ఇంటిముందే నరికారు. మిద్దె కిటికీలోంచి చూసింది ఆమె ఒక్కతే. ఆమె నోరు విప్పితేనే కేసు నిలుస్తుంది.

ఆ ఇంటి కోడళ్ళు గడప దాటరు. తాతలనాటి కట్టుబాటు. మొగుడు పోయిన కోడలైతే మరీను. మిద్దెమీద ఒక గది, దానికొక కిటికీ, అంతే. ఆమెకు ఊపిరాడేది కాదు. అయితే కోర్టు పిలిస్తే, ఎంత పెద్దింటివాళ్ళయినా పంపక చస్తారా?

వాయిదా దగ్గర పడేకొద్దీ ఆమెకు అన్నం సయించదు. రోజుకు పదిసార్లు క్యాలెండరు ముందు నిలబడుతుంది.

"ఆ తేదీలు సూసి సూసి మనిషి సగమైపాయ" అని అత్త బయమ్మ నొచ్చుకుంది.

ఆ రోజు మరిది దివాకర్ జీపుకు పరదాలు కట్టించాడు. ఉరవకొండ దాటింది మొదలు అనంతపురం దాకా రామసుబ్బమ్మ పరదా సందులోంచి కళ్ళు తిప్పలేదు. వానల్లేక మాడిన చేలు, అడ్డొచ్చే గొర్రెలు, రోడ్డుపక్కన కంకర కొట్టే ఆడవాళ్ళు, ఒక్కటీ వదల్లేదు.

"బెదరొద్దు వదినా. ఎనక బండిలో మనోళ్ళుండారు" అన్నాడు దివాకర్. "ఈసారన్నా ఆ పేర్లు చెప్పేయి. కేసు ముగిసిపోతాది. మళ్ళ నువ్వు ఇంత దూరం వచ్చే పనుండదు."

ఆమె తల ఊపింది.

బోనెక్కింది. ఎదురుగా ముగ్గురు ముద్దాయిలు.

"వీళ్ళలో మీ భర్తను నరికిందెవరమ్మా?" ప్లీడరు అడిగాడు.

ఆమె ముగ్గురి వైపూ చూసింది. బోను కమ్మీని గట్టిగా పట్టుకుంది. అంతలోనే కళ్ళు తేలేసి కుప్పకూలింది. ఇది నాలుగోసారి.

బంట్రోతు నీళ్ళు చల్లాడు. జడ్జిగారికి జాలేసి ఆగస్టు పదిహేడుకు వాయిదా వేశారు. దివాకర్ తల పట్టుకున్నాడు.

"చంపినోళ్ళు ఎదురుగా నిలబడుకోనుంటే ఏ ఆడమనిషి తట్టుకుంటాదప్పా?" అన్నారెవరో వరండాలో.

ఆ ముగ్గురి పేర్లూ మొదటి వాయిదా నుంచీ రామసుబ్బమ్మ నాలుక చివరే ఉన్నాయి గానీ, చెప్పేస్తే తనను ఇంట్లోంచి బయటికి పిలిచేవాళ్ళు ఇంకెవరూ ఉండరని ప్రతిసారీ ఒళ్ళు వదిలేసి కిందపడుతోంది.